ఎర్ర చుక్క ఉన్న గూడు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దాను. ఒక్కో ఒత్తు దగ్గర ఆగి, వేలు పెట్టి చూసుకుని రాస్తాను. ఈ నాలుగు కాగితాలకు రెండు నెలలు పట్టింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరు ఏమన్నారో అదే రాశాను, మధ్యలో నా మాట కలపలేదు. మా మెకానిక్ షెడ్డు షట్టరు దించి ఉంది. లోపల కారులో నా కోడలు, నాతో ఫోనులో. కారు బయట ఇనుప రాడ్డుతో నా కొడుకు.

“తిరుగుతోంది అత్తయ్యా, ఇంజను తిరుగుతోంది కానీ స్టార్టవడం లేదు.”

“మెల్లగా చెప్పు. సెల్ఫు కొడుతోందా?”

“కొడుతోంది. కిర్రు కిర్రుమని కొడుతూనే ఉంది.”

“చురుగ్గానా, మూలుగుతూనా?”

“చురుగ్గానే.”

“అయితే బ్యాటరీ బాగానే ఉంది.”

“బ్యాటరీ మాట అటుంచండి, అద్దం పగలగొడుతున్నారు!”

“ఏ అద్దం?”

“ముందుది. ఒక్క దెబ్బకే సాలెగూడులా చీలిపోయింది.”

“ముందుదానికి లోపల పొర ఉంటుందమ్మాయ్, అంత తొందరగా ఊడి రాదు. పక్క అద్దానికి దూరంగా జరుగు.”

“తలుపు తియ్యవే! తియ్యి! తియ్యకపోతే కారుతో సహా నిన్ను తుక్కు చేసి తూకానికి అమ్మేస్తా!”

“విన్నారా మీ అబ్బాయి మాట?”

“విన్నాను. ఎక్కడ మొదలైంది ఇది?”

“పన్నెండో నంబరు పానా కనపడలేదట. చొక్కా జేబులోనే ఉంది అత్తయ్యా, జేబులోనే. ఉందని చెప్పినందుకు ఫ్యాన్ బెల్టు తీశారు.”

“ఎక్కడ తగిలింది?”

“వీపు మీద. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. రెండు వేళ్ళు వంగడం లేదు.”

“రక్తం?”

“చెవి వెనక. అదంతా తర్వాత, ముందు కారు సంగతి చెప్పండి. మీకు చప్పుడు వింటే తెలిసిపోతుంది కదా. పేరున్న మెకానిక్కులే వచ్చి మిమ్మల్ని అడుగుతారు కదా.”

“చెబుతాను, చెబుతాను. పెట్రోలు ఉందా?”

“సగం పైన చూపిస్తోంది.”

“ఆ ముల్లు ఒక్కోసారి అబద్ధం చెబుతుంది.”

“అబద్ధం కాదు. నిన్న నేనే దగ్గరుండి పోయించాను.”

“నిన్ననా?”

“నిన్న మీకు చెప్పాను కదా, ఆదివారం అన్నం తిని ఆయన పడుకున్నాక వెళ్ళిపోతానని. మీకొక్కరికే చెప్పాను.”

“చెప్పావు.”

“మీరు గానీ ఆయనతో...”

“చెప్పలేదు. నా కళ్ళతోడు. తాళం చెవి బయటికి తీసి మళ్ళీ పెట్టు. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ వెలుగుతుంది, చూడు.”

“వెలిగింది. ఉండండి... ఆరిపోయింది.”

“ఆరితే మంచిదే. బండి నీ తాళాన్ని గుర్తుపట్టింది.”

“బండి గుర్తుపట్టింది. మొగుడే గుర్తుపట్టడం లేదు.”

“మళ్ళీ సెల్ఫు కొట్టు. పది లెక్కపెట్టేలోపు ఆపెయ్, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఫోను ముందుకు పెట్టు, వింటాను.”

“విన్నారా?”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“టైమింగు బెల్టు తెగలేదు. తెగితే ఖాళీ మిక్సీలా తేలిగ్గా తిరుగుతుంది. ఇది బరువుగానే తిరుగుతోంది.”

“అయితే ఏమైనట్టు?”

“ప్లగ్గులకు తడి పట్టిందేమో.”

“వాన లేదు, పాడూ లేదు. నెల రోజుల నుంచి నిప్పులు కురుస్తుంటే తడి ఎక్కడిది అత్తయ్యా?”

“అడగాలి కదా. ఒక్కొక్కటే కాదనుకుంటూ రావాలి. మీ మామయ్య అలాగే చేసేవారు.”

“మామయ్య పని చేసుకుంటుంటే అద్దం బయట రాడ్డు పట్టుకుని ఎవరూ నిలబడేవారు కాదు!”

“లేదు. ఆయనే పట్టుకుని నిలబడేవారు.”

“ఎవరితోనే ఆ గుసగుసలు? మా అమ్మతోనా? అమ్మా, ఫోను పెట్టెయ్! ఇది మొగుడూ పెళ్ళాల గొడవ, నువ్వు మధ్యలో వేలు పెట్టకు!”

“ఆయనకు తెలిసిపోయింది.”

“తెలియనీ.”

“మీరు వచ్చెయ్యండి అత్తయ్యా. మీ చెల్లెలుగారింటి నుంచి బస్సెక్కితే ఇరవై నిమిషాలు. మీ ముందు ఇంతగా రెచ్చిపోరు.”

“ఇప్పుడా? ఈ ఎండలో బస్సు ఎప్పుడొస్తుందో, ఏమో.”

“నడిచైనా రండి! ఎవరింటికైనా ఫోను చేసి పంపండి!”

“ఎవరొస్తారు? మనింట్లో కేకలు మొదలైతే పక్కింటివాళ్ళు టీవీ చప్పుడు పెంచుతారు. పోలీసులకు చేశావా?”

“మీకంటే ముందు వాళ్ళకే చేశాను. అడ్రసు రెండుసార్లు రాసుకున్నారు. వస్తున్నామన్నారు.”

“వస్తారులే.”

“ఎప్పుడు? నన్ను తుడిచి ఎత్తేటప్పుడా?”

“అలా మాట్లాడకు. విను, ఇప్పుడు సెల్ఫు కొట్టకు. తాళం సగం దాకా తిప్పి ఆపు. వెనక సీటు కింద నుంచి రెండు క్షణాలు తేనెటీగ ముసిరినట్టు చప్పుడు రావాలి. అది పెట్రోలు పంపు. అది మోగితే ఇంజనుకు పెట్రోలు అందుతున్నట్టు.”

“ఎలా వినను? బానెట్ మీద సమ్మెట దెబ్బల్లా పడుతుంటే ఏం వినపడుతుంది?”

“ఆపించు.”

“నేనా? ఆయన్నా?”

“ఏదో ఒకటి అడుగు. జవాబు చెప్పడానికి చెయ్యి ఆపుతాడు. వాళ్ళ నాన్నా అంతే. తిట్టేటప్పుడు కొట్టరు, కొట్టేటప్పుడు తిట్టరు. రెండూ కలిపి చేసే తెలివి ఆ వంశంలో లేదు.”

“ఏమండీ! ఏమండీ, నేను చేసిన తప్పేమిటి? ఒక్కటి చెప్పండి!”

“ఒక్కటా? ఒక్కటి చాలా నీకు? నేను పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలకనిది ఎవరు? నేను మాట్లాడుతుంటే గోడ వంక చూసేది ఎవరు? నా అన్నం తింటూ, నా కారులో, నా తాళంతో, నా ఇంట్లోంచి...”

“తిప్పావా?”

“తిప్పాను. ఏమీ లేదు.”

“ఇంకోసారి.”

“ఏమీ లేదు అత్తయ్యా. వెనక నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. అంటే పంపు మోగడం లేదు, అవునా? అంటే పెట్రోలు రావడం లేదు?”

“అలాగే ఉంది.”

“అయితే ఏం చెయ్యాలి?”

“ఆలోచించనీ.”

“ఆలోచించడానికి టైము ఎక్కడుంది? అయ్యో, అద్దం! పక్క అద్దం పైన సందు ఉండిపోయింది, నేను చూసుకోలేదు. వేళ్ళు దూర్చారు. కిందికి గుంజుతున్నారు!”

“తాళం సగంలోనే ఉందా?”

“ఉంది.”

“అద్దం ఎక్కించు.”

“వేళ్ళున్నాయి!”

“వేళ్ళున్నాయి కాబట్టే ఎక్కించు. నొక్కు.”

“అబ్బా! అబ్బా! దించు! దించవే, విరిగిపోతాయి, దించు!”

“అత్తయ్యా, ఏడుస్తున్నారు.”

“నీ రెండు వేళ్ళు వంగడం లేదన్నావు.”

“అవును.”

“అయితే ఇంకొంచెం సేపు పట్టుకో... చాలు. ఇప్పుడు ఒక్క వెంట్రుకవాసి దించి, వాడు లాక్కోగానే పూర్తిగా ఎక్కించెయ్.”

“ఎక్కించాను. వెళ్ళిపోయారు. షెడ్డు వెనక్కి వెళ్ళారు. చెయ్యి చంకలో పెట్టుకుని.”

“హమ్మయ్య. వెళ్ళాడా?”

“వెళ్ళారు. కనిపించడం లేదు.”

“చూశావా? నొప్పి తగిలితే దిగుతాడు. చల్లబడతాడు. కాసేపు కదలకుండా కూర్చో. వాడే వచ్చి మంచినీళ్ళు అడుగుతాడు.”

“అడిగాక?”

“ఇవ్వు. ఆ పూట గడిచిపోతుంది.”

“పోయిన నెల కూడా అదే చెప్పారు. పన్ను ఊడినప్పుడు. ఇచ్చాను మంచినీళ్ళు. గ్లాసు తిరిగి నా మొహానికే వచ్చింది.”

“నేనూ ఇరవై ఎనిమిదేళ్ళు ఇచ్చానమ్మాయ్. గడిచింది.”

“గడిచిందా? ఆయన పోతే గడిచింది. మామయ్య పోయిన రోజు మీరు ఏడవలేదని మీ చెల్లెలుగారే నాకు చెప్పారు. ఆ రోజు రెండు పూటలా అన్నం తిన్నారట.”

“ఆకలేసింది.”

“నాకు అలా గడవడం వద్దు అత్తయ్యా. ఈ బండి కదిలించే దారి చెప్పండి చాలు. ఫ్యూజు మార్చాలా? తీగ ఏదైనా ఊడిందా?”

“ఉండు, ఒక్కటి అడుగుతాను. లోపల పెట్రోలు వాసన ఏమైనా వస్తోందా?”

“ఇందాక రాలేదు. ఇప్పుడు వస్తోంది.”

“వస్తోందా? గట్టిగానా?”

“గట్టిగానే. కళ్ళు మండుతున్నాయి.”

“అదేంటి, పంపు మోగకుండా వాసన ఎలా వస్తుంది? మోగనిదే పెట్రోలు రాదు. నువ్వు సరిగ్గా వినలేదేమో, మళ్ళీ ఒకసారి...”

“ఇంజనులోంచి కాదు అత్తయ్యా. బయటి నుంచి. పోస్తున్నారు.”

“ఏం పోస్తున్నాడు?”

“థిన్నరు. రంగులో కలిపే పెద్ద డబ్బా. బానెట్ మీద పోశారు, పైన పోస్తున్నారు. అద్దం మీద నుంచి కారుతోంది.”

“కప్పు మీదా?”

“అంతటా.”

“దిగవే ఇప్పుడు! దిగుతావా, లేక అందులోనే ఉడుకుతావా? లైటరు ఏదీ? వెల్డింగు లైటరు ఎక్కడ పెట్టానురా...”

“వాడు లైటరు వెతుకుతున్నాడు. అత్తయ్యా? వింటున్నారా? అత్తయ్యా!”

“వాడు అన్నావు.”

“అన్నాను.”

“అను. స్టీరింగు కింద, నీ కుడి మోకాలి పైన చిన్న మూత ఉంటుంది. గోరు పెట్టి లాగు, ఊడి వస్తుంది.”

“ఊడింది. లోపల అన్నీ గూళ్ళు, చిన్న చిన్న నల్ల పెట్టెలు. మూత వెనక ఏవో అక్షరాలు ఉన్నాయి, చదవనా?”

“అక్షరాలు వదిలెయ్. నాకు అక్షరాలు రావు కాబట్టి మనింట్లో ప్రతి బండికీ గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాను. చుక్కలు కనపడుతున్నాయా?”

“కనపడుతున్నాయి. తెల్లది, నీలంది, పచ్చది, ఎర్రది.”

“ఎర్ర చుక్క గూడు పంపుది.”

“ఎర్ర చుక్క... అత్తయ్యా, అది ఖాళీగా ఉంది. మిగతా వాటిల్లో పెట్టెలు ఉన్నాయి, ఇందులో లేదు.”

“లేదు. అందుకే పంపు మోగడం లేదు.”

“ఎవరు తీశారు? దానంతట అది పడిపోదు కదా? వాడే తీసుంటాడు, నేను వెళ్ళిపోతానని ఎలాగో పసిగట్టి...”

“పచ్చ చుక్క దగ్గరికి రా.”

“వచ్చాను.”

“అది హారనుది. రెండూ ఒకే కొలత, ఒకే పెట్టె. దాన్ని పీకి ఎర్ర చుక్క గూట్లో పెట్టు. తిన్నగా లాగకు, అటూ ఇటూ ఊపుతూ లాగు.”

“రావడం లేదు. ఒక్క చెయ్యే పనిచేస్తోంది.”

“ఊపు. పాలపన్ను ఊపినట్టు ఊపు.”

“వస్తోంది... వచ్చేసింది! కింద నాలుగు కాళ్ళున్నాయి.”

“ఒక కాలు మిగతా వాటికి అడ్డంగా ఉంటుంది. గూట్లో కూడా ఒక చీలిక అడ్డంగానే ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెట్టి బొటనవేలితో నొక్కు.”

“చీలిక ఎటుందో కనపడడం లేదు.”

“వేలితో తడుము. తడుముకుంటూనే పెట్టు.”

“వాడు సొరుగులు లాగి నేలకేసి కొడుతున్నాడు. అత్తయ్యా... ఆ చప్పుడు...”

“వినపడుతోంది. నువ్వు పని చూసుకో.”

“కాదు. సొరుగు పడిన చప్పుడు నాకు రెండుసార్లు వినపడింది. ఒకటి ఇక్కడ, ఒకటి మీ ఫోనులో.”

“నీ ఫోను చప్పుడు నాకు వచ్చి, తిరిగి నీకే...”

“ఈ షెడ్డు పైన మన గదిలో ఫ్యాను టక్ టక్ మంటుంది. మీ ఫోనులో ఇందాకటి నుంచీ ఆ టక్ టక్కే వస్తోంది. మీరు మీ చెల్లెలింట్లో లేరు.”

“లేను.”

“పైనే ఉన్నారు.”

“పొద్దున వెళ్ళానమ్మాయ్. సందు చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. వెనక మెట్ల మీదుగా ఎక్కి పడుకున్నాను.”

“అయితే ఫ్యాన్ బెల్టు...”

“మొదటి దెబ్బ నుంచీ విన్నాను.”

“మీరు... కిందికి రాలేదు.”

“రాలేదు. చెవుల మీద దిండు పెట్టుకున్నాను. నీ ఫోను వచ్చాకే తీశాను. నన్ను తర్వాత తిట్టు, ఎంతసేపైనా తిట్టు. పెట్టావా, లేదా?”

“పెట్టాను. లోపలికి దిగింది.”

“తాళం సగం తిప్పి విను.”

“మోగింది! జుమ్మని మోగి ఆగింది!”

“ఇంకోసారి మోగించు. పెట్రోలు ముందు దాకా రావాలి.”

“మోగింది. దొరికింది వాడికి. లైటరు దొరికింది. నొక్కుతున్నాడు, నిప్పురవ్వ వస్తోంది గానీ మంట రావడం లేదు.”

“దానికి గ్యాసు గొట్టం తగిలిస్తేనే మంట. రవ్వ చాలు కానీ, దగ్గరికి రావాలి.”

“ఇప్పుడు స్టార్ట్ చేస్తే మనమే అంటించుకున్నట్టు కాదా? ఇంత థిన్నరు మీద?”

“అంటుకున్నా అంటుకోవచ్చు. వాడు అంటిస్తే మాత్రం తప్పకుండా అంటుకుంటుంది. తిప్పు.”

“తిరుగుతోంది, తిరుగుతోంది... అత్తయ్యా! అయింది! స్టార్టయింది!”

“గేరు వెయ్యకు ఇంకా. షట్టరు దించి ఉంది.”

“షట్టరుకు కారు వేసి కొట్టనా?”

“కొట్టకు, మడత పడి చక్రాలకు చుట్టుకుంటుంది. నేను ఎత్తుతాను. మెట్లు దిగుతున్నాను.”

“షట్టరుకు తాళం వేసుందా?”

“లేదు. వాడు ఉత్తినే దించాడు. నువ్వు దిగి ఎత్తలేవని వాడి ధీమా.”

“మీ ఒక్కరివల్ల అవుతుందా?”

“మీ మామయ్య తాగొచ్చిన ప్రతి రాత్రీ ఎవరెత్తారనుకున్నావు? సిద్ధంగా ఉండు, ఎత్తుతున్నా.”

“అమ్మా? నువ్వెప్పుడొచ్చావు?”

“లైటరు ఇలా ఇవ్వు.”

“పైకి పో. నీకు తెలియదు, ఇది నన్ను వదిలేసి పోతోంది.”

“పోనీ. లైటరు ఇవ్వు నాన్నా.”

“పోనివ్వాలా? నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? తప్పుకుంటావా, నీ మీద కూడా పొయ్యమంటావా డబ్బా?”

“అత్తయ్యా, వెనక్కి రండి! పోస్తున్నాడు! అత్తయ్యా, మీ చీర!”

“తడిస్తే తడిసింది. ఆఖరిసారి అడుగుతున్నాను. ఇవ్వు.”

“ఇవ్వను. ఏం చేస్తావ్? కన్నతల్లివి, ఏం... అమ్మా! అమ్మా, నా కాలు! మోకాలు, మోకాలు పోయింది! జాకీ రాడ్డుతో కొట్టింది, కన్నకొడుకునే కొట్టింది!”

“కన్నదాన్ని కాబట్టి మోకాలితో సరిపెట్టాను. చెయ్యి తెరువు. తెరువు, లేకపోతే రెండోది కూడా. ఆఁ, అలా. లైటరు నా దగ్గరే ఉంటుంది.”

“అమ్మా, ఆసుపత్రికి తీసుకెళ్ళు. అమ్మా, నడవలేను.”

“పోలీసులు వస్తున్నారట, వాళ్ళ బండిలో వెళ్ళు. అమ్మాయ్! ఇంకా చూస్తావేం? గేరు వెయ్యి. మెల్లగా. వాడి కాళ్ళు ఎడమవైపున్నాయి, కుడికి తిప్పు. రా, రా, రానీ... చాలు, రోడ్డు మీదికి వచ్చేశావు.”

“ఎక్కండి.”

“ఇంజను ఆపకు.”

“ఆపను. ఎక్కండి అత్తయ్యా. తలుపు తీశాను. థిన్నరు అయితే అయింది, సీటు పోతే పోతుంది, ఎక్కండి.”

“ముందు ఇది పట్టుకో.”

“ఏమిటిది? పిన్నీసుకు కట్టి ఉంది... చిన్న పెట్టె, నాలుగు కాళ్ళు...”

“పంపుది. నిన్న నువ్వు వెళ్ళిపోతానని చెప్పి అటు వెళ్ళగానే ఇటు నేనే పీకాను. కాపురం నిలబడుతుందనుకున్నాను. ఇవాళ నువ్వు ఫోను చేసి ‘తిరుగుతోంది, స్టార్టవడం లేదు’ అన్నావు చూడు, ఏం పోయిందో నాకు అప్పుడే తెలుసు. వాడు అలిసిపోతే నువ్వు దిగి వస్తావని బ్యాటరీ అన్నాను, ప్లగ్గులన్నాను, తాళం బొమ్మ అన్నాను. అన్నీ కాలయాపనకే. ఇప్పుడు చెప్పమ్మా. ఎక్కనా, ఇక్కడే ఉండిపోనా?”

రాసినామె: వీధిలో అందరూ చుక్కలమ్మ అంటారు. వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది నా కోడలి దగ్గర.